తెలుగు కూడబలుక్కుని చదివే పాపకి ఆన్‌లైన్‌ల మంచి కథల పుస్తకాలు ఎట్ల వెతకాలి?

కరీంనగర్_అమ్మ

అందరికి నమస్తే. మా పాప నాలుగో తరగతి, ఇంగ్లీష్ మీడియం. తెలుగు మార్కులు మంచిగనే వస్తయి కానీ అది పాఠం బట్టీ పట్టి రాసేదే, కొత్త పేజీ ఏదన్న ముందల పెడితే ఒక్కో అక్షరం కూడబలుక్కుంటది, వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్ల ఏం చదివిందో మర్చిపోతది, ఇగ చాలమ్మా అని పక్కన పెట్టేస్తది. కథ చెప్తా అంటే మాత్రం చెవి కోసుకుంటది, వాళ్ళ నానమ్మ రాత్రి కథ మొదలుపెడితే అన్నం తినుడు కూడ మర్చిపోయి కూసుంటది. అంటే కథలంటే ఇష్టం లేక కాదు, చదువుడే కష్టమైతుంది.

నెట్‌ల తెలుగు పిల్లల కథలు అని కొడితే అన్ని వీడియోలే వస్తున్నయి, అత్తాకోడళ్ళు, దయ్యాలు, లేకపోతే కథకంటే చివర్ల చెప్పే నీతి పెద్దగుంటది. ఆన్‌లైన్‌ల కొందామంటే అట్ట తప్ప లోపలి పేజీ చూపియ్యరు, అక్షరాలు ఎంత సైజున్నయో, ఏ వయసు పిల్లలకో తెల్వదు. మా దగ్గర షాపులల్ల గైడ్లు, రంగులేసే పుస్తకాలు తప్ప ఏం దొరకవు. ఫ్రీగ చదివేటియి ఎక్కడున్నయి, మా పాపకు ఏది సరిపోతదో ఎట్ల తెలుసుకోవాలె, ఫోన్ చేతికియ్యకుండ ఎట్ల చదివియ్యాలె, తెలిసినోళ్ళు కొంచెం చెప్పుండ్రి. వాళ్ళ నాన్నేమో ఇంగ్లీష్ చదివితే చాలు తెలుగెందుకు అంటడు, నాకు మాత్రం వాళ్ళ నానమ్మ మాట్లాడే భాషల పిల్ల ఒక పుస్తకమన్న సొంతంగ చదవాలని ఉంది.

బడి_పంతులు

అమ్మా, నేను మదనపల్లె పక్కన గవర్నమెంటు బడిలో పనిచేస్తాను, బడి లైబ్రరీ కూడా నా చేతిలోనే ఉంది. మీరు చెప్పిన పాప లాంటి పిల్లలు మా క్లాసులో కూడా బోలెడుమంది ఉండారు, వాళ్ళు చదివేది తెలుగు మీడియమే అయినా సరే.

ముందు ఒక మాట చెప్తాను, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. మీ పాప చెవికి అర్థమయ్యే తెలుగు వేరే, కంటికి అందే తెలుగు వేరే. నానమ్మ కథల పుణ్యమా అని వినేదాంట్లో పాప పదేళ్ళ పిల్లలాగే ఉంది, చదివేదాంట్లో మాత్రం ఒకటో తరగతి దగ్గర ఆగింది. మీరు ఈ రెండిటికీ కలిపి ఒకే పుస్తకం వెతుకుతా ఉండారు కాబట్టే దొరకట్లేదు. తనకి నచ్చే కథ చదవలేదు, చదవగలిగేది చిన్నపిల్లల కథ మాదిరి ఉండి నచ్చదు. అందుకని రెండు రకాలుగా వెతకండి, తను సొంతంగా చదవడానికి ఒకటి, మీరో నానమ్మో చదివి వినిపించడానికి ఒకటి. కొన్నాళ్ళు పోతే రెండూ దగ్గరవుతాయి.

సొంతంగా చదివేదానికి స్టోరీవీవర్ అని పిల్లల కథల సైట్ ఉంది, బెంగళూరు ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టింది, పూర్తిగా ఉచితం. అందులో భాష తెలుగు అని పెట్టుకుని పక్కనే లెవెల్ ఎంచుకోవాలి. లెవెల్ 1 అంటే 250 మాటల లోపు కథలు, 2 అంటే 600 దాకా, 3 అంటే 1500 దాకా, ఆ పైన 4. కానీ ఈ లెక్క మన భాషకి సరిగ్గా అతకదమ్మా, ఇంగ్లీష్‌లో మూడు నాలుగు మాటలుగా ఉండేది తెలుగులో ఒకటే పొడుగాటి మాటగా వస్తుంది, దాని మధ్యలో రెండు ఒత్తులుంటే పిల్లకాయలు అక్కడే ఆగిపోతారు. కాబట్టి నాలుగో తరగతి కదా అని లెవెల్ 3కి పోవద్దు, 1తోనే మొదలుపెట్టండి. పాపకి మాత్రం లెవెల్ సంగతి చెప్పొద్దు, చిన్నపిల్లలదని తెలిస్తే ముట్టుకోదు.

లెవెల్ 1లో కూడా కథను చూసి ఎంచుకోవాలి. నేను చూసేది ఒక్కటే, కథలో ఒకే మాట, ఒకే సందర్భం మళ్ళీ మళ్ళీ వస్తా ఉందా అని. శృంగేరి శ్రీనివాస్ అని ఒకాయన కథ ఉంది అందులో, ఆయనకి జుట్టు బారెడు పెరిగిపోయి ఉంటుంది, మంగలి దగ్గరికి పోతే ఇప్పుడు తీరదంటాడు, ఇంకొకరి దగ్గరికి పోతే వాళ్ళకీ తీరదు, అట్లా అందరినీ అడిగి అడిగి చివరికి అడవిలోకి పోతాడు, అక్కడ పులి గాండ్రించేసరికి కథ తేలిపోతుంది. మా పిల్లకాయలు రెండో మనిషి దగ్గరికి వచ్చేసరికే వాడు ఏమంటాడో ముందే అరిచేస్తారు, అట్లా అరిచినాక పేజీలో ఆ మాట కోసం వెతుక్కుంటారు. అప్పుడు అక్షరాలు కూడబలుక్కునే పని లేదు, తెలిసిన మాటని గుర్తుపట్టడమే. చదవడం పట్టుబడేది ఇట్లాంటి చోటే.

పుస్తకం కష్టమా కాదా అని చూడడానికి ఇంగ్లీష్ వాళ్ళు ఒక పద్ధతి చెప్తారు, ఒక పేజీ తీసి తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవాలి, అయిదు వేళ్ళూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఇప్పుడొద్దు అని. తెలుగుకి దాన్ని కొంచెం మార్చుకోవాలి. పాపతో ఒక పేజీ గట్టిగా చదివించండి, అక్షరం దగ్గర ఆగుతోందా అర్థం దగ్గర ఆగుతోందా చూడండి. ఒత్తు దగ్గర, సున్నా దగ్గర ఆగితే ఇంకా తేలికది కావాల. గడగడా చదివి ఏమీ అర్థం కాలేదంటే ఆ పుస్తకం మీరు పక్కన కూర్చుని చదవాల్సింది.

ఇంకోటి, స్టోరీవీవర్‌లో ఎవరైనా కథ రాయొచ్చు, ఎవరైనా అనువాదం చెయ్యొచ్చు. అందుకని కొన్ని తెలుగు కథలు చాలా బాగుంటాయి, కొన్ని అసలు తెలుగు మాదిరే ఉండవు. పాపకి చూపించే ముందు మీరు రెండు పేజీలు గట్టిగా చదవండి, మీ నోరు తిరక్కపోతే దాని నోరు కూడా తిరగదు, వదిలేయండి.

పాత_పుస్తకాల_పిచ్చి

మాస్టారు చెప్పిన రెండో రకం, అంటే చదివి వినిపించే పుస్తకాల గురించి నేను చెప్తాను. నా మటుకు చందమామకి మించినది లేదు. 1947 జులైలో మొదలైన పత్రిక, పాత సంచికలు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత సైట్‌లో చాలా ఏళ్ళవి స్కాన్ చేసి పెట్టారు. 1952 నుంచి 1980లో పోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు గారు దాన్ని చూసుకున్నారు, ఆ కాలపు సంచికలు తీసి చూడండి, ఎవరు పంపిన కథైనా ఒకే రకం చిన్న చిన్న వాక్యాలు, అలంకారాలు లేవు, జరిగింది జరిగినట్టు చెప్పుకుంటూ పోతారు. గట్టిగా చదవడానికి అంత హాయిగా ఉండే తెలుగు ఇప్పటి పిల్లల పుస్తకాల్లో అరుదు.

వాటిల్లో బేతాళ కథలు మీ పాపకి ప్రత్యేకంగా పనికొస్తాయమ్మా. ప్రతి నెలా కథ మొదలు ఒకటే, పట్టు వదలని విక్రమార్కుడు చెట్టు దగ్గరికి వెళ్ళడం, శవాన్ని భుజాన వేసుకోవడం, మౌనంగా శ్మశానం వైపు నడవడం. చివర కూడా అంతే, రాజుకి మౌనభంగం కాగానే బేతాళుడు మళ్ళీ చెట్టెక్కడం. మొదటి పేరా, చివరి పేరా పాప చేత చదివించండి, మధ్యలో కథ మీరు చదవండి. అయిదారు కథలు అయ్యేసరికి ఆ పేరాలు నోటికి వచ్చేస్తాయి, శ్మశానం, మౌనభంగం లాంటి ఒత్తుల మాటలు కూడా జంకు లేకుండా చదివేస్తుంది. మా మనవడు అలాగే మొదలుపెట్టాడు, తర్వాత బేతాళుడు అడిగే ప్రశ్న కూడా నేనే చదువుతానని పోట్లాడి తీసుకున్నాడు. ఆ కథలకి శంకర్ గారు వేసిన బొమ్మ ముందు చూపించి ఏం జరుగుతుందో ఊహించమని అడిగితే ఇంకా బాగుంటుంది.

ఇక వెతకడం. ఆర్కైవ్‌లో తెలుగు లిపిలో కొడితే కొన్నే వస్తాయి, ఎక్కించిన వాళ్ళు ఎక్కువమంది పేరు ఇంగ్లీష్ అక్షరాల్లో రాశారు కాబట్టి. చందమామ అని ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టి పక్కన తెలుగు అనీ, సంవత్సరం అంకెల్లో 1965 అనో 1972 అనో కొట్టండి. అదే సైట్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్ళు స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు కూడా ఉన్నాయి, వాటి పేర్లు ఇంకా చిత్రంగా రాశారు, కథలు అన్నదాన్ని ఒకచోట టీహెచ్‌తో, ఒకచోట డీహెచ్‌తో, బాల అన్నదాన్ని ఒక ఏ తో, రెండు ఏ లతో, అందుకని ఒక స్పెల్లింగ్‌కి దొరకలేదని వదలకండి, మార్చి మార్చి కొట్టండి. ఎడమ పక్కన భాషల దగ్గర తెలుగు టిక్ పెట్టుకుంటే చెత్త తగ్గుతుంది.

ఒక్క జాగ్రత్త, పాత చందమామల్లో ఆ రోజుల ఆలోచనలు ఉంటాయి. నల్లగా ఉన్నవాడు చెడ్డవాడు, పెళ్ళాం అంటే గయ్యాళి, పేదవాడికి రాజకుమార్తెనిచ్చి పెళ్ళి చేస్తే సమస్య తీరిపోయింది, ఇలాంటివి. దాచిపెట్టక్కర్లేదు, చదివేటప్పుడు ఆగి, ఇది న్యాయమేనా అని పిల్లల్నే అడగండి. బేతాళుడు చేసేదీ అదే కదా.

డాలస్_నాన్న

మేం అమెరికాలో డాలస్ దగ్గర ఉంటాం, మా వాడికి ఏడేళ్ళు, తెలుగు మాట్లాడతాడు కానీ చదవడం ఇప్పుడిప్పుడే. మాకు పనికొచ్చింది చెప్తాను, మీకు కూడా నానమ్మ ఉన్నారు కాబట్టి బావుంటుంది.

స్టోరీవీవర్‌లో చాలా కథలు ఒకే బొమ్మలతో చాలా భాషల్లో ఉంటాయి, కథ తెరిస్తే ఇంకా ఏ భాషల్లో ఉందో చూపిస్తుంది. వీడియో కాల్‌లో రాజమండ్రి నుంచి మా అమ్మ తెలుగు కథ తెరుచుకుంటుంది, ఇక్కడ మావాడు అదే కథ ఇంగ్లీష్‌ది తెరుచుకుంటాడు, పేజీ తిప్పు అంటే ఇద్దరూ కలిపి తిప్పుతారు. ఆవిడ తెలుగులో చదువుతుంది, వీడు బొమ్మ చూస్తూ వింటాడు, ఎక్కడైనా మాట తెలియకపోతే తన పేజీలో చూసుకుని ఓహో అదా అనుకుంటాడు, ఎవర్నీ అడగక్కర్లేదు, అదే వాడికి నచ్చింది. తర్వాత ఇద్దరూ తెలుగుదే తెరుచుకుని, మొదట కొన్ని వాక్యాలు వాడు, మిగతావి నాయనమ్మ అని పంచుకున్నారు. మా ఆవిడ అయితే ఇప్పుడు వాళ్ళిద్దరి టైమ్‌లో మా ఇద్దర్నీ ఆ గదిలోకి కూడా రానివ్వరు అంటుంది. మీ వారు తెలుగెందుకు అన్నారు కదండీ, ఆయన్ని ఒకరోజు పక్కన కూర్చుని విననివ్వండి చాలు.

పుస్తకాలుగా కావాలంటే చెన్నైలో తూలిక అనే ప్రచురణ సంస్థ వాళ్ళవి ఇంగ్లీష్, తెలుగు రెండూ ఒకే పేజీలో ఉండే బొమ్మల పుస్తకాలు ఉన్నాయి. అయితే నాకొకటి అనిపించింది, పక్కనే ఇంగ్లీష్ ఉంటే పిల్లల కళ్ళు దాని మీదికే పోతాయి. ఇంగ్లీష్ లైన్ల మీద ఒక కార్డు అడ్డం పెట్టి చదివించి, తర్వాత తీసి చూసుకోమంటాం.

ఇంగ్లీష్ పుస్తకాలకైతే ఇక్కడ లైబ్రరీ కార్డు ఉంటే లిబ్బీ యాప్‌లో ఫోన్‌లోకే అరువు వస్తాయి, గడువు అవగానే వాటంతట అవే తిరిగిపోతాయి, ఏ పుస్తకమైనా తీసుకునేముందే కొన్ని పేజీల శాంపిల్ చదువుకోవచ్చు. మావాడిని అయిదారు శాంపిల్స్ తనే తెరుచుకుని చూడమంటాను, నేను ఎంచి ఇచ్చిన పుస్తకం కంటే వాడు తిప్పి చూసి తీసుకున్నది చివరిదాకా చదువుతాడు. తెలుగుకి కూడా అదే చెయ్యండి, మీరు నాలుగు కథలు ఏరి పెట్టండి, అందులో ఏది చదవాలో పాపనే తేల్చుకోమనండి.

బెజవాడ_పద్మం

అందరూ ఫ్రీవే చెప్తున్నారు, నేను కొనుక్కునే వాటి గురించి చెప్తానండీ. సికింద్రాబాద్‌లో మంచి పుస్తకం అని ప్రచురణ సంస్థ ఉంది, పేరే అది, పిల్లల పుస్తకాలే వాళ్ళ పని. సన్నటి పుస్తకాలు, పెద్ద అక్షరాలు, తక్కువ ధరలు, పాత సోవియట్ బొమ్మల పుస్తకాలు కొన్ని తెలుగులో మళ్ళీ వేసింది కూడా వాళ్ళే. వాళ్ళ సైట్‌లోనే ఆర్డర్ పెట్టుకోవచ్చు. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళ నెహ్రూ బాల పుస్తకాలయం అనే వరసలో కూడా తెలుగువి ఉన్నాయి. కరీంనగర్ అక్కా, మీరు లోపలి పేజీ కనపడదు అన్నారు కదా, పెద్ద అమ్మకపు సైట్లలో కాకుండా నేరుగా ప్రచురణకర్తకి మెసేజ్ పెట్టి, నాలుగో తరగతి పాప, తెలుగు ఇప్పుడిప్పుడే చదువుతోంది, ఒక పేజీ ఫోటో పంపిస్తారా అని అడగండి. చిన్న ప్రచురణకర్తలు పిల్లల కోసం అంటే ఓపిగ్గా చెప్తారు, నాకు ప్రతిసారీ చెప్పారు.

ఇంకోటి గట్టిగా చెప్పాలి. వాట్సాప్ గ్రూపుల్లో పిల్లల పుస్తకాల పీడీఎఫ్‌లు వందల కొద్దీ తిరుగుతుంటాయి, ఇప్పుడు అమ్మకంలో ఉన్న పుస్తకాలు కూడా స్కాన్ చేసి పంపేస్తున్నారు. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ళ దాకా పుస్తకం మీద కాపీరైట్ హక్కు ఉంటుంది. తెలుగులో పిల్లల పుస్తకం వేసేవాళ్ళే కొద్దిమంది, ఆ కొద్దిమంది పుస్తకం కూడా కొనకుండా స్కాన్ తీసుకుంటే ఇంకో పుస్తకం వెయ్యడానికి వాళ్ళ దగ్గర డబ్బెక్కడిది? ఫ్రీగా చదువుకోమని పెట్టినవి ఇన్ని ఉన్నాయి కదా, వాటిని చదువుకుందాం, మిగతావి కొందాం. హైదరాబాద్‌లో డిసెంబర్‌లో, మా బెజవాడలో జనవరిలో పుస్తకాల పండగ జరుగుతుంది, వీలైతే పాపని తీసుకొచ్చి స్టాల్ ముందు వదిలేయండి, ఏ పుస్తకం దగ్గర ఆగుతుందో చూస్తే ఆన్‌లైన్‌లో తర్వాత ఏం వెతకాలో మీకే తెలిసిపోతుంది.

కరీంనగర్_అమ్మ

అందరికి చాల థాంక్స్, ఇంతమంది ఇంత వివరంగ చెప్తరని అనుకోలే. పంతులు సార్, మీరు చెప్పినట్టు చెవి తెలుగు వేరు కంటి తెలుగు వేరు అని నేనెప్పుడు ఆలోచన చెయ్యలే. నిన్న ఆ జుట్టు కథ పెట్టిన, మీరన్నట్టే తనకు తీరదు తనకు తీరదు అని ముందే చెప్పుకుంట పోయింది, పులి దగ్గరికి వచ్చినంక మళ్ళ మొదటి నుంచి చదువుత అన్నది. వాళ్ళ నానమ్మ కూడ పక్కన కూసొని విన్నది. బేతాళుడు ఆదివారం మొదలుపెడ్తం, మా అత్తమ్మకు ఆ పాత చందమామ బొమ్మలు ఫోన్‌ల చూపిస్తే, గివి మేం చదివినయే అని తనే చదువుత కూసున్నది.

ఇంక రెండు అడగాలె. ఒకటి, ఫోన్ కాకుండ కాగితం మీద కావాలె, జిరాక్స్ షాపుల ప్రింట్ తీయిస్తే ఏమన్న ఇబ్బందా, బెజవాడ అక్క చెప్పినట్టు హక్కుల సమస్య వస్తదా? రెండోది, మా అన్న కొడుకు ఏడో తరగతి, వానికి తెలుగు చదవొస్తది కానీ రాజులు రాకుమార్తెలు అంటే ఇష్టం లేదు, ఎప్పుడు మోటర్లు విప్పుడు, బిగించుడే పని. వానికి ఏముంటయి?

బడి_పంతులు

సంతోషం తల్లీ. ప్రింట్ సంగతి ముందు చెప్తాను. స్టోరీవీవర్ కథలు క్రియేటివ్ కామన్స్ కింద, అంటే అందరూ వాడుకోవచ్చని ముందే అనుమతిచ్చే లైసెన్సు కింద పెట్టినవి, రాసినవాళ్ళ పేరు, బొమ్మలేసినవాళ్ళ పేరు తీసేయకుండా ప్రింట్ వేసుకోవచ్చు, పంచుకోవచ్చు, మా బడికి మేము అట్లే వేయించుకుంటాము. పీడీఎఫ్ దించుకోవడానికి అకౌంట్ తెరవాల, దానికీ డబ్బు లేదు. రంగుల్లో వేయిస్తే ఖర్చు ఎక్కువ, బ్లాక్ అండ్ వైట్ వేయించి రంగులు పాపనే వేసుకోమంటే దానికది ఇంకా సొంతమైన పుస్తకం అవుతుంది. కాగితాలు అడ్డంగా పెట్టి ఒక వైపే వేయించి ఎడమ పక్క స్పైరల్ కొట్టించండి, పేజీ పూర్తిగా తెరుచుకుంటుంది, చిన్న చేతులకి పట్టుకోవడం సులువు. చివర పేజీల్లో పేర్లు, లైసెన్సు వివరాలు ఉంటాయి, షాపులో అవి అనవసరం అని వదిలేస్తారు, వదలొద్దని చెప్పండి. ఫోన్‌లోనే ఇవ్వాల్సి వస్తే కథలు ముందే దించుకుని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఇవ్వండి.

మీ అన్న కొడుక్కి అరవింద్ గుప్తా గారి సైట్ చూపించండి. పనికిరాని వస్తువులతో సైన్సు బొమ్మలు చేయించే పెద్దాయన, 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన సైట్‌లో తెలుగు పుస్తకాలు విడిగా పెట్టారు, బొమ్మలు చేసే వీడియోలూ ఉన్నాయి. ఇట్లా చేతిపని ఇష్టమైన పిల్లకాయలకి కథ కంటే, దీన్ని ఇక్కడ కత్తిరించు, అక్కడ గుచ్చు, ఇప్పుడు ఊదు అని చెప్పే పేజీలే మంచి చదువు. ఒక లైను తప్పుగా చదివితే బొమ్మ తిరగదు కాబట్టి వాళ్ళంతట వాళ్ళే వెనక్కిపోయి మళ్ళీ చదువుతారు. వీడియో చూసే ముందు పేజీ చదివి చెయ్యమనండి, రాకపోతేనే వీడియో.

ఇంకా కావాలంటే నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళ రాష్ట్రీయ ఈ-పుస్తకాలయ అని యాప్ ఉంది, ఉచితమే, 3 నుంచి 8 ఏళ్ళు, 8 నుంచి 11, 11 నుంచి 14, 14 నుంచి 18 అని వయసు వారీగా పుస్తకాలు విడదీసి పెట్టారు, మన భాషల్లో వెతుక్కోవచ్చు. పన్నెండేళ్ళ పిల్లోడే కాబట్టి 11 నుంచి 14లో సైన్సువి, జీవిత చరిత్రలు చూడమనండి. మీ పాపకి మాత్రం అందులో 8 నుంచి 11కి పోకుండా మొదటి దాంట్లోనే ఏరండి.

అనంతపురం పక్క చెన్నేకొత్తపల్లి నుంచి కొత్తపల్లి అని పిల్లల పత్రిక వచ్చేది, దాని సంచికలు నెట్‌లో ఉన్నాయి, పిల్లకాయలు రాసిన కథలు కూడా అందులో వేసేవాళ్ళు. పాప బేతాళుడి పేరాలు జంకు లేకుండా చదివినాక అవి తెరవండి. తన ఈడు పిల్ల రాసిందని తెలిస్తే తనూ రాస్తానంటుంది, రాస్తే ఇక్కడ పెట్టండి, మా క్లాసులో చదివి వినిపిస్తాను.